పరాయి మనిషి ఇచ్చే భరోసా

చదువు ముగించి కొలువులో చేరిన మనిషి గానీ, కొలువు కోసం ఏళ్ల తరబడి సిద్ధమవుతున్న మనిషి గానీ, ఏదో ఒక కారణంచేత ఆ మార్గాన్ని కొంతకాలం విడిచి ఉండవలసి రావడాన్ని ఉద్యోగ విరామం అంటారు. పట్టణాల్లో దీనినే కెరీర్ బ్రేక్ అనీ, దరఖాస్తులు నింపే యువత నోట గ్యాప్ అనీ వింటుంటాం. ప్రసవం, పిల్లల పెంపకం, ఇంట్లో పెద్దల అనారోగ్యం, కంపెనీ మూతపడటం, పోటీ పరీక్షల్లో వరుస వైఫల్యం, పెళ్లితో ఊరూ రాష్ట్రమూ మారిపోవడం వంటి కారణాలు వేటికవే వేరైనా, ఆ కాలంలో మనిషి లోలోపల ఎదుర్కొనే పరిస్థితి మాత్రం ఇంచుమించు ఒకటే. అలాంటి వేళ మనిషిని మళ్లీ నిలబెట్టే మాట చాలాసార్లు సొంతవారి నుంచి కాక, అంతకుముందు ముఖపరిచయమైనా లేని వ్యక్తి నుంచి వస్తుందనడానికి చరిత్రలో దాఖలాలున్నాయి. సామాజిక శాస్త్రజ్ఞుల పరిశోధనలూ అదే వైపు చూపుతున్నాయి. ఆ మాట ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేస్తుందో తెలుసుకోవడం విరామంలో ఉన్నవారికి ఎంత అవసరమో, వారిని రోజూ పలకరించే ఇరుగుపొరుగుకు కూడా అంతే అవసరం.

సరిహద్దు ఊళ్లో విరామం

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దేగ్లూర్ తాలూకాలో మర్ఖేల్ అనే ఊరు ఉంది. తూర్పున తెలంగాణ, దక్షిణాన కర్ణాటక దగ్గరపడే ఈ ప్రాంతంలో మరాఠీతో పాటు తెలుగు, కన్నడం, ఉర్దూ మాటలు కూడా చెవిన పడుతుంటాయి. ఈ నేలంతా ఒకప్పుడు నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో భాగం. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల ప్రాతిపదికన పునర్వ్యవస్థీకరించినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి, పొరుగునున్న నిజామాబాద్ ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి; 1960 మే 1న మహారాష్ట్ర అవతరించింది. పటంలో గీత పడింది గానీ పెళ్లి సంబంధాలు, బంధుత్వాలు, బేరసారాలు ఆ గీతను పెద్దగా లెక్కచేయలేదు. తెలంగాణలోని మద్నూర్ వైపు పుట్టిన ఆడపిల్ల దేగ్లూర్ వైపు కోడలిగా వెళ్లడం, ఇటువారు అటు వెళ్లడం తరతరాలుగా సాగుతున్నదే.

అయితే ఉద్యోగ విరామం విషయంలో మాత్రం ఆ గీత బరువు తెలిసివస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఉపాధ్యాయ శిక్షణ పొందిన యువతి మర్ఖేల్ వంటి ఊరికి కోడలిగా వస్తే, అక్కడి బడుల్లో పాఠం మరాఠీలో చెప్పాలి, పోటీ పరీక్షకు ఆ రాష్ట్రపు నిబంధనల ప్రకారం సిద్ధపడాలి, నివాస ధ్రువపత్రం మొదలుకొని ప్రతి కాగితం కొత్తగా సంపాదించుకోవాలి. ఆమె చదువు ఎక్కడికీ పోకపోయినా, ఆ చదువును గుర్తించే మనుషులు సరిహద్దుకు అవతల మిగిలిపోతారు. పెళ్లిళ్లలో, సంతలో, బస్టాండులో ఎదురైన ప్రతివారూ అడిగే "ఇప్పుడేం చేస్తున్నవ్?" అన్న ప్రశ్నలో చెడు ఉద్దేశం ఏమీ లేకపోయినా, జవాబు లేని మనిషికి అది రోజురోజుకూ బరువెక్కుతుంది. ఆ ప్రశ్నకు భయపడి శుభకార్యాలకు వెళ్లడం మానేసేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

ఇంటి పని ఈ విరామాన్ని మరింత పొడిగిస్తుంది. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, అంటే మనుషులు రోజులోని 24 గంటలను ఏయే పనులకు వెచ్చిస్తున్నారో నమోదు చేసే సర్వేలో, జీతం లేని ఇంటి పనులకు ఆ పనులు చేసే స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. రోజులో అయిదు గంటలకు దగ్గరగా ఇంటికే పోయాక మిగిలిన కాలంలో పరీక్షకు చదవడమో, పాత నైపుణ్యాన్ని సానబెట్టుకోవడమో చేయవలసినవారిని "ఖాళీగా ఉంటున్నారు" అనడం ఎంత అన్యాయమో ఈ అంకెలే చెబుతాయి.

జీతంతో పాటు పోయేవి

ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదని తొలిసారిగా వివరంగా నిరూపించిన అధ్యయనం ఆస్ట్రియాలో వియన్నా సమీపంలోని మారియెంటాల్ అనే చిన్న ఊళ్లో జరిగింది. ఊరికంతటికీ అన్నం పెట్టిన బట్టల మిల్లు మూతపడిన తరువాత అక్కడి కుటుంబాలను మేరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు పరిశీలించి, 1933లో తమ నివేదికను ప్రచురించారు. పని లేనివారికి తీరిక పెరుగుతుంది కనుక చదువు, రాజకీయ చర్చలు పెరగాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది అందుకు విరుద్ధం. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో పురుషుల నడకను గమనిస్తే, వారు పదేపదే ఆగుతూ, ఏ తొందరా లేకుండా సాగుతున్నట్లు, ఇంటి పని భారం తగ్గని స్త్రీలు మాత్రం వారికంటే వేగంగా నడుస్తున్నట్లు కనిపించింది.

జహోడా తరువాతి కాలంలో దీనిని సిద్ధాంతీకరిస్తూ, ఉద్యోగం మనిషికి జీతంతో పాటు అయిదు విషయాలను సమకూరుస్తుందని వివరించారు. రోజుకు ఒక క్రమం, ఇంటికి బయటి మనుషులతో సంబంధం, పదిమందితో కలిసి ఒక లక్ష్యం కోసం పనిచేస్తున్నామన్న భావన, సమాజంలో ఒక గుర్తింపు, చేతులకు నిత్యం ఒక పని అన్నవే ఆ అయిదు. విరామంలో ఈ అయిదూ ఒకేసారి సడలుతాయి కనుకనే, తినడానికి లోటు లేని ఇంట్లో ఉన్న మనిషి కూడా నీరసించిపోతాడు.

ఇంటి లోపలి ఈ నీరసానికి బయటి నిరాకరణ తోడవుతుంది. అమెరికాలో ఆర్థిక శాస్త్రజ్ఞులు సుమారు 12,000 కల్పిత దరఖాస్తులను సుమారు 3,000 ఉద్యోగ ప్రకటనలకు పంపి 2013లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, దరఖాస్తుదారు ఎంత ఎక్కువ కాలం పని లేకుండా ఉన్నట్లు కనిపిస్తే ఇంటర్వ్యూ పిలుపులు అంత తగ్గాయి. ఆ తగ్గుదల తొలి ఎనిమిది నెలల్లోనే ఎక్కువగా ఉంది. తక్కిన అర్హతలు సమానంగా ఉన్నా విరామమే ఒక లోపంగా లెక్కకు వచ్చిందన్నమాట.

అపరిచితుడి మాటకు ఆ బలం ఎక్కడిది?

ఇలాంటి సమయంలో అమ్మానాన్నలు, అన్నదమ్ములు, జీవిత భాగస్వామి చెప్పే ధైర్యం విలువైనదే అయినా, దానికి ఒక పరిమితి ఉంది. వారు ప్రేమకొద్దీ చెబుతున్నారని వినేవారికి ముందే తెలుసు. పైగా గత వైఫల్యాలన్నిటికీ వారు సాక్షులు, ఇంటి ఖర్చుల ఆరాటంలో భాగస్వాములు. అందుచేత "నీకు తప్పకుండా వస్తుంది" అన్న మాట వారి నోట ఓదార్పుగానే చెవికి సోకుతుంది తప్ప తీర్పుగా మనసుకు ఎక్కదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లో అపరిచితుడిని గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, సమూహపు లోపలి పక్షపాతాలకు కట్టుబడని కారణంగా అపరిచితుడికి ఒక తటస్థ దృష్టి అబ్బుతుందనీ, దగ్గరివారికి చెప్పుకోలేని సంగతులను కూడా మనుషులు అతని ముందు విప్పి చెప్పుకుంటారనీ వివరించాడు. మెచ్చుకోవలసిన మొహమాటం గానీ, మెచ్చుకుంటే వచ్చే లాభం గానీ లేని మనిషి మెచ్చుకున్నప్పుడు, ఆ మెప్పు నిజమై ఉంటుందన్న నమ్మకం వినేవారికి కలుగుతుంది.

నెల్లూరు కలెక్టరు ముందు ఒక నోటుపుస్తకం

ఈ సూత్రానికి తెలుగు నేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1910లో శ్రీనివాస రామానుజన్ వయస్సు 22 ఏళ్లు. కుంభకోణం కళాశాలలో గణితం తప్ప మరే పాఠ్యాంశమూ పట్టించుకోని కారణంగా ఉపకారవేతనం పోగొట్టుకొని, 1905లో ఇల్లు విడిచి విశాఖపట్నం దాకా వెళ్లి, మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో మళ్లీ చేరి అక్కడా ఎఫ్.ఏ. పరీక్ష తప్పిన ఆ యువకుడికి 1909లో పెళ్లయింది. చేతిలో పట్టా లేదు, కొలువు లేదు. లోకం దృష్టిలో అవి వృథాగా గడిచిన సంవత్సరాలు. ఆ సంవత్సరాల్లోనే అతని నోటుపుస్తకాలు సూత్రాలతో నిండాయి.

కొలువు వెతుక్కుంటూ అతడు ముందుగా తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌ను కలిశాడు. భారత గణిత సంఘాన్ని స్థాపించిన ఆ అధికారి, నోటుపుస్తకాన్ని చూసి, రెవెన్యూ శాఖలో చిన్న గుమాస్తా పని ఇస్తే ఆ ప్రతిభ అణగారిపోతుందని భావించి, మద్రాసులోని గణితజ్ఞులకు పరిచయ లేఖలు ఇచ్చి పంపాడు. అలా చేతులు మారుతూ వచ్చిన పరిచయం ఆ ఏడాది డిసెంబరులో నెల్లూరు కలెక్టరుగా ఉన్న దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు దగ్గరికి చేరింది.

ఆ భేటీని రామచంద్రరావు తరువాత స్వయంగా వివరించాడు. గడ్డం గీసుకోని, పెద్దగా శుభ్రంగా కనిపించని, పొట్టిగా లావుగా ఉన్న ఒక యువకుడు, అరిగిపోయిన నోటుపుస్తకం చంకన పెట్టుకొని లోపలికి వచ్చాడట. అతనిలో ప్రత్యేకంగా తోచినవి మెరిసే కళ్లు మాత్రమే. పుస్తకం తెరిచి తాను కనుగొన్నవాటిని చెప్పసాగినప్పుడు, అందులో ఏదో అసాధారణమైనది ఉందని కలెక్టరుకు తోచింది గానీ, అది అర్థవంతమా కాదా అని తేల్చే పాండిత్యం తనకు లేదని కూడా అనిపించింది. అప్పుడు ఆయన కాదనలేదు, ఔననీ అనలేదు, మళ్లీ రమ్మన్నాడు. రామానుజన్ మళ్లీ వచ్చి, ఎదుటివారి స్థాయిని గ్రహించి, ఈసారి సులభమైన ఫలితాలు చూపించి, అక్కడినుంచి ఒక్కొక్క మెట్టుగా కఠినమైన సిద్ధాంతాల దాకా తీసుకెళ్లాడు. నమ్మకం కుదిరాక ఏం కావాలని అడిగితే, పరిశోధన సాగించడానికి బతుకు గడిచేంత భత్యం చాలునన్నాడు. రామచంద్రరావు నెలకు 25 రూపాయలు సొంత ఖర్చుతో పంపుతూ అతణ్ని మద్రాసులోనే ఉండి పని చేసుకోమన్నాడు.

ఆ తరువాతి సంగతులు లోకానికి తెలిసినవే. 1911లో భారత గణిత సంఘం పత్రికలో తొలి పరిశోధన వ్యాసం, 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం, 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని గణితజ్ఞుడు జి.హెచ్. హార్డీకి ఉత్తరం, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం వరుసగా వచ్చాయి. హార్డీకి రాసిన ఉత్తరానికి ఎంత ప్రఖ్యాతి ఉందో, దానికి ముందున్న ఆ "మళ్లీ రమ్మనడం" అన్న చిన్న పనికి అంత ప్రాముఖ్యం ఇవ్వాలి. కలెక్టరు ఆ తొలి రోజే పంపించివేసి ఉంటే ఆ తరువాతి మెట్లు ఎంత ఆలస్యమయ్యేవో చెప్పలేం. పరీక్ష తప్పిన చరిత్రను పక్కనపెట్టి, చేతిలోని పనిని చూడటానికి ఆయన సమయం ఇచ్చాడు.

పేరు మిగలని వైద్యుడు

రెండవ ఉదాహరణ భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి ఆచార్యుడి ఆగ్రహానికి గురైన ఆయనకు ఎం.బి.బి.ఎస్.కు బదులు, తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో చేరాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి, అంటే తిన్నది ఒంటికి పట్టక రక్తం క్షీణింపజేసే జబ్బు, పొట్టనపెట్టుకుంది. అనుకున్న దారి మూసుకుపోయి, ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తున్న కాలంలో, రాక్‌ఫెల్లర్ సంస్థ ఉపకారవేతనంపై భారతదేశానికి వచ్చిన ఒక అమెరికన్ వైద్యుడు ఆయనకు తారసపడి, అమెరికాలో ఉన్న అవకాశాలను గురించి చెప్పాడని జీవిత చరిత్రకారులు నమోదు చేశారు. ఆ వైద్యుడి పేరు తెలుగువారి జ్ఞాపకంలో నిలవలేదు. ఆయన మాట మాత్రం నిలిచింది.

మాట ఒక్కటే సరిపోలేదన్నది కూడా ఇక్కడ గమనించాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మ సంస్థ హామీ, మామగారు కూడబెట్టిన సొమ్ము తోడైతేనే 1920ల తొలినాళ్లలో సుబ్బారావు బోస్టన్‌కు చేరగలిగాడు. అక్కడ ఆసుపత్రిలో రాత్రివేళ మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేస్తూ చదువు సాగించాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించాడు; కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను గుర్తించాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాక ఆయన బృందం చేతుల మీదుగా ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ వంటివి వెలువడ్డాయి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే మందుగా ఉపయోగపడింది.

బలహీన బంధాల బలం

ఈ ఉదాహరణలు అదృష్టం తప్ప మరేమీ కావనుకోవడానికి వీల్లేదని ఆధునిక పరిశోధన చెబుతోంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో 'బలహీన బంధాలు' అనే భావనను ప్రతిపాదించాడు. అప్పుడప్పుడు మాత్రమే ఎదురయ్యే పరిచయస్థులు, పాత సహోద్యోగులు, స్నేహితుల స్నేహితులు వంటివారితో ఉండే తేలికపాటి సంబంధాలనే ఆయన ఆ పేరుతో పిలిచాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం పొందినవారిని ఆ తెలిసినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా అన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం ఉన్నారు. కారణం సులభంగానే అర్థమవుతుంది: మన ఆప్తులకు తెలిసిన కబుర్లు మనకూ తెలిసినవే అయి ఉంటాయి, కొత్త వార్త వేరే వలయంలో తిరిగే మనిషి నుంచే రావాలి. 2022లో 'సైన్స్' పత్రిక ప్రచురించిన మరో అధ్యయనం లింక్డ్‌ఇన్‌లోని సుమారు 2 కోట్ల మంది సమాచారాన్ని అయిదేళ్ల పాటు పరిశీలించి, ఉద్యోగం మారడంలో బలమైన బంధాలకంటే ఓ మోస్తరు బలహీనమైన బంధాలే ఎక్కువ తోడ్పడ్డాయని నిర్ధారించింది.

మర్ఖేల్ వంటి ఊరికి ఈ సూత్రం ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఊళ్లో అందరూ అందరికీ తెలిసినవారే కావడం అక్కడి బలం. కొత్త అవకాశపు కబురు ఆలస్యంగా చేరడం దాని వెనుకనున్న లోటు. దేగ్లూర్ బస్సులో పక్క సీటులో కూర్చున్న బ్యాంకు ఉద్యోగి, తాలూకా కచేరీ వరుసలో ముందు నిలుచున్న ఉపాధ్యాయురాలు, ఆసుపత్రి వరండాలో కలిసిన నర్సు వంటివారు ఆ లోటును పూడ్చగలవారు.

చెప్పడానికి వెనుకాడటం దేనికి?

మరి అలాంటి మాటలు ఎక్కువగా ఎందుకు వినిపించవన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రం ఇచ్చే సమాధానం ఆలోచింపజేస్తుంది. ఎరికా బూత్‌బీ, వనెస్సా బోన్స్ 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, అపరిచితులను మెచ్చుకోవలసిన వ్యక్తులు తమ మాట ఎదుటివారికి ఎంత ఆనందం ఇస్తుందో తక్కువగా, ఎంత ఇబ్బంది కలిగిస్తుందో ఎక్కువగా అంచనా వేశారు. షికాగో రైళ్లలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ జరిపి 2014లో వెల్లడించిన పరిశోధనలో కూడా, పక్కవారితో మాట్లాడితే ప్రయాణం అంత ఆహ్లాదంగా ఉండదని ప్రయాణికులు ఊహించగా, నిజంగా మాట్లాడినవారికి అది మరింత ఆహ్లాదంగా తోచింది. అంటే నోటిదాకా వచ్చిన మంచి మాటను మొహమాటంతో మింగేసేవారు, దాని విలువను తామే తగ్గించి చూస్తున్నారన్నమాట.

మాటకు వ్యవస్థ తోడు కావాలి

అయితే మంచి మనిషి ఎదురవుతాడని ఎదురుచూస్తూ కూర్చోవడం పరిష్కారం కాదు. ఆ మంచితనాన్ని వ్యవస్థగా మలచవచ్చునని తెలుగువారిలో ముందుగా చూపించినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి వచ్చాక ఆగిన చదువును మళ్లీ అందుకున్న ఆమె, బనారస్ మెట్రిక్ పరీక్షకు స్త్రీలను సిద్ధం చేసే తరగతులు మద్రాసులో నడిపారు. ఆ కృషి నుంచే ఆంధ్ర మహిళా సభ ఎదిగింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యాక, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలు పూర్తిచేసేందుకు వీలైన సంక్షిప్త విద్యా కోర్సులను ఆ మండలి 1958లో ప్రారంభించింది. అదే తీరులో, విరామం తీసుకున్న మహిళా శాస్త్రవేత్తలు మళ్లీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2002-03లో ప్రత్యేక ఫెలోషిప్ పథకాన్ని మొదలుపెట్టింది. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఉద్యోగార్థులు రుసుము లేకుండా నమోదు కావచ్చు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడ అవసరం. విరామంలో ఉన్నవారి ఆరాటాన్ని సొమ్ము చేసుకునే అపరిచితులూ ఉన్నారు. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా డబ్బు, ఆధార్ వివరాలు, ఓటీపీ అడిగేవారికీ, నిజమైన ప్రోత్సాహకులకూ తేడా గుర్తించడం కష్టం కాదు: మొదటివారు తీసుకోవడంతో మొదలుపెడతారు, రెండవవారు వినడంతో మొదలుపెడతారు. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి.

ఈ పరిశీలనలన్నీ కలిపి చూస్తే, పనికొచ్చే ప్రోత్సాహానికి మూడు లక్షణాలు తేలుతాయి. అది మనిషి విరామాన్ని కాక అతని పనిని చూస్తుంది. "అంతా మంచే జరుగుతుంది" అనే గాలిమాటగా కాక, ఫలానా నైపుణ్యం బాగుందని నిర్దిష్టంగా చెబుతుంది. ఒక చిరునామా, ఒక పరిచయం, ఒక పుస్తకం, మరొకసారి రమ్మనే పిలుపు వంటి తరువాతి అడుగును చేతికందిస్తుంది. విరామంలో ఉన్నవారు కూడా తమ పనిని దాచుకోకుండా నలుగురి ముందు పెట్టాలి. చంకలోని నోటుపుస్తకం తెరిస్తేనే కలెక్టరు చూడగలిగాడు. ఇక ఇరుగుపొరుగు, బంధువులు, తోటి ప్రయాణికులు చేయవలసింది ఇంతకంటే సులభం. ఇకమీదట విరామంలో ఉన్న యువకుడో, కోడలో ఎదురైతే "ఇప్పుడేం చేస్తున్నవ్?" అని అడగడం మాని, "నీకేం పని వచ్చు? చూపించు" అని అడగండి, చూశాక నచ్చింది చెప్పండి, తెలిసిన దారి ఒక్కటైనా ఉంటే ఆ పూటే చూపించండి.